మూడింటికి దిగని మెట్లు

లోపల వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియడం లేదు. గొంతులు వినిపిస్తున్నాయి, మాటలు వినిపించడం లేదు. గుహలో గొంతు గోడకి తగిలి, స్తంభానికి తగిలి, నా దాకా వచ్చేసరికి ఉత్త రొద మిగులుతోంది. మా అమ్మాయిది సన్నని గొంతు, ఈ గుహకి కాపలా ఉండే తాళాల తాతది అరిగిపోయిన గొంతు. ఒకటి ఆగితే ఇంకొకటి. ఇంతసేపు ఏం చెబుతున్నాడు? చెప్పడానికి ఉన్నది ఒక్క ముక్క. ఆ రోజు జెండా లేదు. రెండు క్షణాల మాట. అది చెప్పేసి ఉంటే ఈపాటికి అమ్మాయి బయటికొచ్చి నా ముందు నిలబడి ఉండేది. రాలేదు కాబట్టి చెప్పలేదు. లేదా చెప్పాడు, నన్నెలా అడగాలో తెలియక ఆమె అక్కడే ఉండిపోయింది. మూడు దాటి పది నిమిషాలై ఉంటుంది. గడియారం చూడనక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళు గంటగంటకీ లేచిన ఒళ్ళు ఇది, గంట కాబోతోందంటే ముందు నడుముకి తెలుస్తుంది. పడవవాడు నాలుగుంపావుకి వస్తానన్నాడు. అంతవరకు ఈ రాతి అరుగు మీద కూర్చోవాలి. వెనక నది, ముందు బుద్ధుడు, పక్కన ఆ గది. భిక్షువులు పడుకోవడానికి ఎప్పుడో తొలిచిన గది, ఇప్పుడు తాత మంచం వేసుకున్నాడు. తలుపు లేదు, పాత దుప్పటి ఒకటి వేలాడుతోంది. లేచి నాలుగడుగులు వేస్తే మాటలు వినపడతాయి. కాళ్ళు రావడం లేదు.

పదకొండేళ్ళ కిందట, ఇవే వానల్లో, ఒక మధ్యాహ్నం మూడు గంటలకు నేను మెట్లు దిగలేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను. అవతలి గట్టున ఊరి కాలవ వంతెన పక్కన రాతిగోడకి బిగించిన కొలపలక ఉంటుంది. తెలుపూ నలుపూ గీతలు, పక్కన అంకెలు, పైన ఒకచోట వేలెడు మందాన పసుపు గీత. గోడ మీద మా గది. గదికీ పలకకీ మధ్య నలభై రెండు మెట్లు. గంట కాగానే దిగాలి. అల లేచినప్పుడు ఒక అంకె, అల పడినప్పుడు ఒక అంకె చూసి, రెండింటికీ నడుమది పట్టుకుని పైకి రావాలి. పుస్తకంలో రాయాలి, ఆఫీసుకి ఫోన్లో చెప్పాలి. నీళ్ళు పసుపు గీత దాటితే గది మీది కర్రకి ఎర్రజెండా ఎక్కించాలి. ఆ జెండా ఆఫీసు కోసం కాదు, ఈ గుహ కోసం. అప్పట్లో పడవ లేదు. ఈ గట్టుకీ ఆ గట్టుకీ మధ్య అరవై మూడు అడుగురాళ్ళు ఉండేవి. నీళ్ళు పసుపు గీతని తాకితే రాళ్ళ నెత్తిన నీళ్ళు వచ్చినట్టే. ఎర్రజెండా ఎగిరితే ఎవరూ రాళ్ళ మీద కాలు పెట్టకూడదు, పెట్టనివ్వకుండా చూడటం తాళాల తాత పని. అంత తేలికైన ఏర్పాటు. పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది. ఒకడు చూడాలి, ఇంకొకడు ఆపాలి. నేను చూడలేదు, అతను ఆపలేదు, నా భార్య పోయింది. విచారణకి వచ్చినవాళ్ళకి నేను మొదటి ముక్క మింగేసి రెండోది మాత్రం చెప్పాను.

మా పనిలో కుర్చీ అంకె అని ఒకటుంది. పుస్తకాల్లో ఉండదు, ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. నాకు ముందున్న పెద్దాయన కుర్చీలోంచే తల ఎత్తకుండా రాసేవాడు. ముసురు పట్టి నీళ్ళు నిదానంగా పెరుగుతున్నప్పుడు వెనకటి గంట అంకెకి రెండు వేళ్ళు కలిపితే చాలు, నూటికి తొంభైసార్లు సరిపోతుంది. మరుసటి గంట దిగి చూసి, తేడా ఉంటే కొంచెం సర్దుకుంటాం. ఎవడికీ తెలియదు. నదికి కూడా తెలియదు. నేను మాత్రం ఆ అలవాటు చేసుకోలేదు. ఊళ్ళో నా వెనక కొలబద్ద అని నవ్వేవాళ్ళు అందుకే. జ్వరంలోనూ దిగాను, అమ్మాయి పుట్టిన రోజూ దిగాను. నా భార్య నొప్పులు పడుతూ ఆసుపత్రిలో ఉంటే రెండు గంటల అంకె రాసి వెళ్ళి, పిల్లని చూసి, మూడు గంటల అంకెకి తిరిగొచ్చాను. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు. ఇరవై ఆరేళ్ళలో కుర్చీ అంకె రాసింది ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కటి. ఆ ఒక్కదాన్నే నది పట్టుకుంది. ఎగువన వాగు మీద కుండపోత పడిందట, గంటలో చెయ్యెత్తు నీళ్ళు లేచాయి. నేను రెండు వేళ్ళు రాశాను. మూడుంపావు దాటాక మా గట్టు మీద అరుపులు వినిపించి కిందికి దిగితే పసుపు గీత నీళ్ళలో ఉంది. పైకెక్కి జెండా ఎత్తాను. ఎత్తాక పుస్తకం తీసి మూడింటి అంకెని కొట్టేయకుండా, మూడుని ఎనిమిది చేసి, ఒకటిని ఏడు చేసి, పక్కన 'జెండా ఎత్తబడినది' అని రాశాను. అదే కలం. అప్పటికి రాళ్ళ మీద ఎవరు పడిపోయారో నాకు తెలియదు. ఎవరో ఒకరు అనుకున్నాను. ఎవరో ఒకరు పోయారని తెలిసే ఆ అంకె దిద్దాను. దాని గురించి నేను నన్ను ఎప్పుడూ సమర్థించుకోలేదు. అలాగని ఎవరికీ చెప్పనూ లేదు.

దుప్పటి కదిలింది. గాలి. బుద్ధుడి ముందున్న దీపం పక్కకి పడుకుని మళ్ళీ లేచింది. ముక్కు విరిగిపోయిన బుద్ధుడు. పై పెదవి కూడా సగమే ఉంది, అయినా నవ్వు పోలేదు. కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. అలా కూర్చునే ఉద్యోగం ఎవరైనా ఇస్తే నేనూ బ్రహ్మాండంగా చేసేవాణ్ణి అని లోపలికి రాగానే అనుకున్నాను. తర్వాత, ఆ రోజు మూడింటికి చేశాను కదా అని గుర్తొచ్చింది. ఈయన దగ్గర ఏముందని నా భార్య వారం వారం వచ్చేది? గురువారం మధ్యాహ్నం అయితే చాలు, పని తెముల్చుకుని, నీలం గొడుగు పట్టుకుని బయల్దేరేది. ఎందుకు అంటే ప్రశాంతంగా ఉంటుంది అనేది. ఇంట్లో ఏం తక్కువైంది అంటే మీరు అనేది. అంతే జవాబు. నేను ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఇరవై ఆరేళ్ళూ అవతలి గట్టు నుంచి ఈ కొండ చూశాను, కొండ మధ్యలో గుహ ఒక నల్లటి చుక్కలా కనపడేది. నా మీద పితూరీలు చెప్పుకోవడానికి వస్తుందనుకునేవాణ్ణి. రాయికి చెప్పుకుంటే చెప్పుకోనీ, రాయి ఊళ్ళోకి వెళ్ళి చెప్పదు కదా అనుకునేవాణ్ణి. రాయి పక్కన తాళాలు పట్టుకుని ఒక మనిషి కూర్చుంటాడని లెక్కలోకి తీసుకోలేదు.

పోయిన వారం ఆ మనిషే కబురు పంపాడు. అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ఎదుటి అక్షరాలు చదివిస్తుంది. దుకాణానికి ఫోన్ చేశాడట. నెలాఖరుకి తాళాలు అప్పజెప్పి తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నానమ్మా, మీ అమ్మ వస్తువు ఒకటి నా దగ్గర ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్ళు అన్నాడట. మీ నాన్నని కూడా తీసుకురా అన్నాడట. ఆ రెండోమాట విన్నప్పటి నుంచి నాకు తిండి సరిగ్గా దిగడం లేదు. ఏం వస్తువు? గొడుగు అవతలి ఒడ్డున దొరికింది. గాజులు ఒంటి మీదే ఉన్నాయి. చెప్పులు నది తీసుకుపోయింది. ఇంకేం మిగిలింది ఇక్కడ? కాగితమా? ఆమె ఏదైనా రాసి పెట్టిందా? ఆమెకి రాయడం బద్ధకం. నీకు ఒంట్లో బాగోకపోతే నేనొక్కదాన్నే వెళ్ళొస్తాలే నాన్నా అంది అమ్మాయి. ఒక్కదాన్నే పంపితే ఏం వింటుందో అన్న భయంతో నేనూ వస్తానన్నాను. వచ్చాను. వచ్చి ఏం చేశాను? గుహలోకి అడుగు పెట్టగానే తాత నన్ను ఒక్కసారి చూశాడు, కూర్చో నాయనా అని ఈ అరుగు చూపించి, అమ్మాయిని మాత్రం లోపలికి పిలిచాడు. కూర్చో నాయనా! తిట్టినా బాగుండేది.

విచారణలో అతను మొదట నిజమే చెప్పాడు. జెండా లేదయ్యా, నేను చూశాను, కర్ర బోడిగా ఉంది అన్నాడు. నేను పుస్తకం చూపించాను. పుస్తకం ముందు మనిషి మాట నిలుస్తుందా? పైగా అతనికి ఒక కంట్లో పొర. ముసలాడు, చూపు లేదు, కునుకు తీసి ఉంటాడు అని నేనే అన్నాను. అందరి ముందూ అన్నాను. నా పెళ్ళాం పోయింది, ఆ దుఃఖంలో అన్న మాట కాబట్టి దానికి బరువు కూడా వచ్చింది. మర్నాడు అతనే వచ్చి, నేను చూసుకోలేదు, పొరపాటు నాదే అని కాగితం మీద సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఇప్పటికీ తెలియదు. అదే నా భయానికి మూలం. అబద్ధమాడే మనిషిని అర్థం చేసుకోగలను, నేనూ అంతే కాబట్టి. నిజం చెప్పి, మళ్ళీ దాన్ని వెనక్కి తీసుకుని, పదకొండేళ్ళు నోరెత్తకుండా కూర్చున్నవాడి దగ్గర ఏముంటుంది? రెండేళ్ళు అతని దగ్గర తాళాలు లాక్కుని ఈ గుహ మెట్లు ఊడ్పించారు. అవతలి గట్టు నుంచి చూసేవాణ్ణి. వంగి ఊడ్చే చీపురు కనపడేది, మనిషి కనపడేవాడు కాదు. ఊడవనీ, చేతకానివాడు, ఆపాల్సిందే కదా అనుకునేవాణ్ణి. జెండా ఉన్నా లేకపోయినా కళ్ళెదుట నీళ్ళు లేస్తుంటే ఒక ఆడమనిషిని రాళ్ళ మీదికి ఎందుకు పోనిచ్చాడు? ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. నా తప్పు వల్ల అతని తప్పు పోదు.

పడవలో వస్తుంటే పడవవాడు వదల్లేదు. వాడికి నోరు ఊరుకోదు. "ఏం కొలబద్ద గారూ, ఇన్నాళ్ళకి దయ కలిగిందా మా ఒడ్డు మీద? గట్టిగా పట్టుకు కూర్చున్నారు, నీళ్ళంటే భయమా ఏంటి? జీవితమంతా వాటి ఎత్తు కొలిచారు కదా!" అన్నాడు. అమ్మాయి నవ్వింది. "నీళ్ళెంతున్నాయో చెప్పండి చూద్దాం" అన్నాడు. పలక వైపు ఒక్కసారి చూసి, "మూడు మీటర్ల అరవై రెండు" అన్నాను. "అబ్బో, మనిషి రిటైరయ్యాడు గానీ కన్ను రిటైరవలేదు" అన్నాడు. "ఆయన కళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి. పోయినేడు నేనే పరీక్ష చేశా. చూడాలన్న బుద్ధే లేదు" అంది అమ్మాయి. వాళ్ళమ్మ మాటే. తనకి పదమూడేళ్ళప్పుడు పోయిన తల్లి మాటని ఎక్కడ దాచిపెట్టుకుందో. అప్పటి నుంచి నేనూ, ఆమే. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది ఆమె, నా మాటల్లో సగం వినిపించుకోకుండా నన్ను భరించేది ఆమె. నాతో పలికే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ లేరు, ఉండేటట్టు నేను బతకలేదు. ఆ ఒక్క మనిషీ ఇప్పుడు దుప్పటికి అవతల ఉంది.

లోపలి నుంచి నవ్వు వినిపించింది. అమ్మాయి నవ్వే. ఒక్కసారి పైకి లేచి, మధ్యలో తెగిపోయింది. ఏడుపు వినిపిస్తే ఇంత భయం వేసేది కాదు. ఏమని నవ్వింది? ఎందుకు ఆపేసింది? మళ్ళీ తాత గొంతు. నెమ్మదిగా, వరసగా, అన్నీ ముందే పేర్చి పెట్టుకున్నవాడిలా. ఆ రోజు పొద్దున మా ఇంట్లో జరిగింది కూడా చెబుతున్నాడా? ఇతనికెలా తెలుస్తుంది? ఆమె చెప్పి ఉంటుంది. ఆ రోజు గురువారం కాదు. ఆమె రావలసిన రోజు కాదు. పొద్దున నేను చొక్కా తొడుక్కుంటుంటే, రోజుకి పన్నెండుసార్లు నీళ్ళ మొహం చూస్తారు, నా మొహం ఒక్కసారైనా చూడరు అంది. నీళ్ళు పెరుగుతాయి తగ్గుతాయి, నీ మొహంలో చూడటానికి ఏముంది అన్నాను. అది తమాషాకి అన్నది కాదు, కావాలనే అన్నాను. ఆమె తిండి డబ్బా కట్టి బల్ల మీద పెట్టింది. నేను దాన్ని తీసుకోకుండా వెళ్ళిపోయాను. అదీ కావాలనే. మధ్యాహ్నం ఆకలి, ఆకలికి తోడు కోపం, బయట జడివాన. మూడు గంటలైంది. లేవబుద్ధి కాలేదు. మోకాలు నొప్పి అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఏ నొప్పీ లేదు. ఆమె వచ్చి డబ్బా ఇచ్చి బతిమాలుతుందేమోనని కూర్చున్నాను. వంతెన కింది నుంచి ఆమె రావడం కోసం చూస్తూ, నది వైపు చూడకుండా, కూర్చున్నాను.

మూడోరోజు మలుపు దగ్గర దొరికింది. కాళ్ళకి చెప్పులు లేవు. నీళ్ళు ఊడలాగి ఉంటాయి అన్నారు. నేనూ అవునన్నాను. అవి మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు. అంతకుముందు కాలు బెణికితే జారకుండా ఉంటాయని కొనుక్కుంది, వంగి బొత్తాం పెట్టుకోవాలి. అలాంటి చెప్పులు రెండూ ఊడిపోతాయా అని ఒక తెల్లవారుజామున నాకు అనుమానం వచ్చింది. దాన్ని అక్కడే నొక్కి పెట్టేశాను. నది బలం నాకు తెలుసు, చెట్లనే లాక్కుపోతుంది, చెప్పులెంత అనుకున్నాను.

మెడ మీద ఏదో చల్లగా తగిలింది. వెనక్కి తిరిగాను. వచ్చినప్పటి నుంచి నది వైపు వీపు పెట్టి కూర్చున్నాను, వెనక గోడలో ఏముందో చూడలేదు. చదరంగా తొలిచిన కిటికీ. మూరెడు వెడల్పు, మూరెడు ఎత్తు, తలుపులేమీ లేవు. అందులోంచి తుంపర వస్తోంది. కిటికీ పక్కన గోడ ఒకచోట నున్నగా, నల్లగా, జిడ్డు పట్టి ఉంది. తల ఆనించి కూర్చుంటే పడే మరక. ఎంతమంది తలల నూనో అది. చెయ్యి పెట్టి ఎత్తు చూశాను, అలవాటు. నా చెవి దగ్గరికి వచ్చింది. ఆమె పక్కన కూర్చుంటే ఆమె తల నా చెవి దగ్గరికే వచ్చేది. ఎవరి తలైనా కావచ్చు. పదకొండేళ్ళు ఎవరూ కూర్చోకుండా ఉంటారా? అలా అనుకుంటూనే తల ఆనించాను. ఆనించి చూశాను.

మా గది. కిటికీ చట్రంలో సరిగ్గా మధ్యలో, ఎవరో కొలిచి పెట్టినట్టు మా గది. పెంకులు, జెండా కర్ర, తలుపు, తలుపు నుంచి కిందికి నలభై రెండు మెట్లు, మెట్ల చివర పలక. ఇంకేమీ లేదు. వంతెన లేదు, ఊరు లేదు, ఈ రాయి వాటన్నిటినీ కోసేసింది. మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఇటు నుంచి చూడటానికి ఇంత ఉంది. అటు నుంచి చూస్తే ఇదొక నల్లటి చుక్క. ఆ చుక్కకి చూపు ఉంటుందని నాకు ఎన్నడూ తట్టలేదు. గురువారం ఒంటిగంట, గురువారం రెండు, గురువారం మూడు. నేను గొడుగు చంకలో ఇరికించుకుని దిగేవాణ్ణి. ఇరవై తొమ్మిదో మెట్టు మీద పాచి, అక్కడ గోడ పట్టుకునేవాణ్ణి. వంగి చూసేవాణ్ణి. నడుం మీద చెయ్యి వేసుకుని ఎక్కేవాణ్ణి. ఎవరూ చూడని పని కదా అనుకునేవాణ్ణి. ఇంట్లో మాటా మాటా అనుకున్న తర్వాత ఇక్కడికొచ్చి కూర్చునేది కదా, కూర్చుని ఏం చూసేది? ఆ బుద్ధుణ్ణి చూడాలంటే నేను కూర్చున్నట్టు కూర్చోవాలి. ఈ మరక పడాలంటే అటు తిరిగి కూర్చోవాలి. అయితే ఆ రోజు? ఆ రోజు మూడింటికి ఇక్కడ కూర్చుని ఉంటే ఏం చూసింది? దిగని మెట్లు చూసింది. జెండా సంగతి తర్వాత. నేను దిగలేదని చూసింది. చూసి ఏమనుకుంది? కోపంతో మొండికేశాడు అనుకుని ఉంటుంది. అనుకుని, నన్ను నిలదీయడానికి బయల్దేరిందా? అదే అయి ఉండాలి. అదే అయితే బాగుండును.

నడుము చెప్పింది. నాలుగు కావస్తోంది. నా చోట ఇప్పుడు కొత్తవాడు పని చేస్తున్నాడు. వాడి పేరు కూడా నేను తెలుసుకోలేదు, నల్లగొడుగు పట్టుకుంటాడు, అంతే తెలుసు. సరే, దిగుతాడు, చూద్దాం అనుకున్నాను. నాలుగైంది. తలుపు తెరుచుకోలేదు. ఒక నిమిషం అటూ ఇటూ అవుతుంది. కలం వెతుక్కుంటూ ఉంటాడు. రెండు నిమిషాలు. కుర్చీ అంకె రాస్తున్నాడు వెధవ, పన్నెండు గంటల ఉద్యోగం చెయ్యడానికి ఒళ్ళు బరువు అనుకున్నాను. ఆ మాట నాకే తగిలి ఆగాను. మూడు నిమిషాలు. రాసేవాడైతే కనీసం తలుపు తెరిచి ఆకాశం వైపన్నా చూస్తాడు, మేం అందరం చూస్తాం. తలుపు కదల్లేదు. పొగ లేదు, దీపం లేదు. వాన పెద్దదైంది. ఒక్కడే ఉంటాడు ఆ గదిలో. గుండె పట్టేసి పడిపోతే ఎవరికి తెలుస్తుంది? ముందే దిగి పాచి మీద జారి ఉంటే? మెట్ల కింది భాగం వాన తెరలో సరిగ్గా కనిపించడం లేదు. పలక పక్కన నల్లగా ఉన్నదేమిటి? గొడుగా? రాయా? ఐదు నిమిషాలు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, నాకేమవుతాడు? ఏమీ కాడు. లేచి నిలబడ్డాను. ఇక్కడి నుంచి కేకేసినా ఈ వాన హోరులో వినపడదు, మధ్యలో అంత నది ఉంది. ఎవరైనా వెళ్ళాలి. ఎవరూ వెళ్ళరు, ఎందుకంటే ఎవరూ చూడటం లేదు. నేనొక్కణ్ణే చూస్తున్నాను.

ఎప్పుడు కదిలానో తెలియదు. గుహ మెట్ల మీద ఉన్నాను, వాన మొహం మీద కొడుతోంది, దిగుతున్నాను. అరవై ఒకటో ఏట అలా దిగకూడదు. రేవు దగ్గర నీళ్ళ ఒడ్డున, పాత అడుగురాళ్ళలో మొదటిది ఇంకా పైకి కనపడుతోంది, దాని మీద కాలు పెట్టి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తలుపు తెరుచుకుంది. నల్లగొడుగు బయటికి వచ్చింది. చొక్కా గుండీ పెట్టుకుంటూ, ఆవులిస్తూ, కునుకు తీసి లేచినవాడి నడకతో ఒక్కో మెట్టూ దిగాడు. ఇరవై తొమ్మిదో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నాడు. వంగాడు. ఎక్కిపోయాడు. వాణ్ణి ఒక మనిషి చూస్తున్నాడని, వాడి కోసం ఒకడు చచ్చి బతికాడని వాడికి తెలియదు. ఏనాటికీ తెలియదు. కిందికి చూసుకున్నాను. రాయి మీద నా పాదాలు, తడిసి, తెల్లగా. చెప్పుల్లేవు. చెప్పులు పైన గుహ ముందు విడిచినచోటే ఉన్నాయి. తొడుక్కోవడం గుర్తు లేదు. తొడుక్కోవాలన్న ఊహే రాలేదు.

అప్పుడు అర్థమైంది. ఆమె నన్ను నిలదీయడానికి బయల్దేరలేదు.

వెనక అడుగుల చప్పుడు. తిరగడానికి భయం వేసింది, అయినా తిరిగాను. అమ్మాయి చేతిలో గుడ్డలో చుట్టినవి ఉన్నాయి, గుడ్డ విప్పి ఉంది. నీలం పట్టీలు, మడమ వెనక బొత్తాం. కొత్తవాటిలాగే ఉన్నాయి. "అమ్మవి" అంది. "గుహ ముందే విడిచి వెళ్ళిందట." తాత ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. అతని ఒక్క కన్ను నా పాదాల మీద ఉంది. "ఆవిడా ఇలాగే దిగింది నాయనా. నీళ్ళొస్తున్నాయమ్మా ఆగు అంటే, ఆయన దిగలేదు తాతా, ఏమయ్యాడో, ఏమయ్యాడో అంటూ పోయింది. నా పట్టుకి అందలేదు" అన్నాడు. ఇంకా చెప్పాడు. ఎప్పుడు వచ్చినా దేవుడికి వీపు పెట్టి కూర్చునేదట. అలా కూర్చోకూడదమ్మా అంటే, ఈయన ఎక్కడికీ పోడు తాతా, అటు ఉన్నాయనే జారిపడతాడు అనేదట. లోపల అమ్మాయి నవ్వింది అందుకు. "మరి సంతకం ఎందుకు పెట్టావు?" అన్నాను. "పాపకి పదమూడేళ్ళు. తల్లి పోయింది. నీ ఉద్యోగం కూడా పోతే ఏం తింటుంది?" అన్నాడు. కోపం లేదు, జాలి లేదు. తాళం ఏ గూట్లో ఉందో చెప్పినట్టు చెప్పాడు.

అమ్మాయి నా మొహంలోకి చూసింది. దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాళ్ళని అడిగే గొంతుతో, అదే ఓపికతో, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "ఆ రోజు మూడింటికి నువ్వు మెట్లు దిగావా నాన్నా?"

"పడవ వచ్చేసింది" అన్నాను.

నిజంగానే వచ్చింది. ఆ మాట పట్టుకుని నేను పడవెక్కాను. తాత ఒడ్డునే నిలబడిపోయాడు. నా చెప్పులు పైనే ఉన్నాయి, తెచ్చుకోమని ఎవరూ అనలేదు, నేనూ వెళ్ళలేదు. అమ్మాయి నాకు ఎదురుగా కూర్చుంది. తల్లి చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ అడగలేదు. ఇంక అడగదు, నాకు తెలుసు. వాళ్ళమ్మకి కూడా ఒక్కసారే అడగడం అలవాటు. ఈ నది దాటేలోగా నేను నోరు తెరవకపోతే అవతలి గట్టున దిగి, తలుపు తాళం తీసి, నాకు వడ్డించి, ఇంక నాతో మాట్లాడదు. నాకు నీళ్ళ భయం లేదు, ఆ వడ్డన భయం. పడవ మధ్యకి వచ్చింది. పలక దగ్గరపడుతోంది. పడవవాడికి నోరు ఊరుకోదని చెప్పాను కదా.

"ఏం కొలబద్ద గారూ, వాన పెద్దదైంది. ఇప్పుడెంతున్నాయి నీళ్ళు?" అన్నాడు.

పలక నాకు కుడివైపు, పది బారల దూరంలో ఉంది. తల తిప్పితే చాలు. నేను తిప్పలేదు. ఎదురుగా ఉన్న మొహాన్నే చూశాను. కనుబొమలు వాళ్ళమ్మవి. ఇన్నేళ్ళూ ఎదుట తిరిగిన మొహం, ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉందని ఇప్పుడు చూశాను.

"చూడలేదు" అన్నాను. "ఆ రోజు మూడింటికి కూడా చూడలేదు."

తెడ్డు నీళ్ళలో ఆగిపోయింది. చెప్పుల మీద అమ్మాయి చేతులు కదల్లేదు. పడవ తనంతట తాను కొంచెం పక్కకి తిరిగింది.